అఫ్గాన్ ఆడవాళ్ళకి మగ్గాలు కొనిద్దామనుకుంటున్నాం, ఇది పని చేసే ఐడియానేనా?

సుజాత_కె:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేము కాలేజీ ఫ్రెండ్స్ పదకొండు మందిమి, ఏడాదికోసారి తలా ఇంత వేసుకుని ఎక్కడో ఒకచోట ఖర్చు పెడుతుంటాం. ఈసారి అఫ్గానిస్తాన్ ఆడవాళ్ళ కోసం పెడదామని ఫిక్స్ అయ్యాం. మా గ్రూపులో ఒకమ్మాయి ఒక వీడియో షేర్ చేసింది, కాబూల్‌లో ఒక పెద్ద గదిలో వరసగా మగ్గాలు, ఒక్కో మగ్గం ముందు ముగ్గురు నలుగురు అమ్మాయిలు కూర్చుని కార్పెట్లు నేస్తున్నారు, వాళ్ళలో ఒకమ్మాయి చదువు మధ్యలో ఆగిపోయి ఇందులోకి వచ్చానని చెప్తోంది, అది చూశాక ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

2021 ఆగస్టులో తాలిబన్ వచ్చాక ఆరో క్లాసు దాటిన ఆడపిల్లలకి బడి లేదు, 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీలు కూడా మూసేశారు, 2023లో బ్యూటీపార్లర్లు కూడా తీసేయించారు. బయట ఉద్యోగం దొరకడమే కష్టమైనప్పుడు నాలుగు గోడల మధ్య చేసుకునే పని ఇది ఒకటి మిగిలింది కదా అని, ఓ పది మగ్గాలు కొనిచ్చి, నేత రానివాళ్ళకి మూడు నెలలు ట్రైనింగ్ ఇప్పిస్తే ఎలా ఉంటుంది అనేది మా ప్లాన్.

డౌట్లు మాత్రం బోలెడు. డబ్బు అక్కడిదాకా అసలు ఎలా చేరుతుంది, నేసినవి ఎవరు కొంటారు, అన్నిటికంటే ముఖ్యంగా బళ్ళో ఉండాల్సిన పిల్లల్ని మగ్గం ముందు కూర్చోబెట్టడానికి మనమే డబ్బులిచ్చినట్టు అవుతుందా అని నాకు లోపల పీకుతోంది. తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.


లెక్కల_పంతులు:

సుజాత గారూ, నేను 2017 నుంచి మూడేళ్ళు మజార్-ఎ-షరీఫ్‌లో ఒక ప్రాజెక్టులో అకౌంట్స్ చూశాను, కార్పెట్లు మా ప్రాజెక్టులో ఒక భాగం, అందుకని తెలిసింది చెప్తా.

ముందుగా, మగ్గాలు కొనకండి. నిజంగా చెప్తున్నా. ఉత్తరాన జౌజ్‌జాన్, ఫార్యాబ్, బల్ఖ్ వైపు తుర్క్‌మెన్ తెగవాళ్ళ ఇళ్ళల్లో మగ్గం అంటే మనం ఊహించుకునే మెషీన్ లాంటిది కాదు, నేల మీద రెండు దూలాలు పరిచి మధ్యలో పడుగు బిగిస్తారు అంతే, కాబూల్ వైపు అయితే నిలువుగా ఇనప ఫ్రేము. ఊళ్ళో వడ్రంగో వెల్డింగ్ వాడో చేసిచ్చేస్తాడు. నేత కూడా అంతే, అక్చా, అంద్‌ఖోయ్ లాంటి చోట్ల ఆడపిల్లకి తల్లే నేర్పుతుంది, వాళ్ళకి మనం ట్రైనింగ్ ఇవ్వడం అంటే చేపకి ఈత నేర్పినట్టే.

వాళ్ళ దగ్గర లేనిది ఉన్ని కొనుక్కునే డబ్బు. అసలు సంగతి ఇక్కడుంది. చాలా ఇళ్ళల్లో జరిగేది ఏంటంటే వ్యాపారి వచ్చి ఉన్నిదారం, డిజైను ఇచ్చి కొంత అడ్వాన్సు చేతిలో పెట్టి పోతాడు, కార్పెట్ అయ్యాక చదరపు మీటరుకి ఇంత అని కూలి కట్టి పట్టుకుపోతాడు. అంటే ఆమె నేసిన కార్పెట్ ఒక్క రోజు కూడా ఆమెది కాదు. మధ్యలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ వ్యాపారి దగ్గరే ఇంకొంచెం తీసుకుంటారు, అది వచ్చే కార్పెట్ కూలిలో కోత, ఆ పై కార్పెట్‌లో కూడా కోత, ఇక ఆయన చెప్పిందే రేటు.

ఇప్పుడు లెక్క చూడండి, నాకు లెక్క వెయ్యనిదే నిద్ర పట్టదు. 2 బై 3 మీటర్ల కార్పెట్ అంటే 6 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 9300 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 100 ముడులు అనుకుందాం, అది మరీ సన్నం నేత కూడా కాదు, మొత్తం 9 లక్షల 30 వేల ముడులు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకి 7 వేలు వేసినా ఒక్కామెకి 133 రోజులు. ఈమధ్య కాబూల్ నేతగాళ్ళ గురించి వచ్చిన వార్తల్లో కూలి చదరపు మీటరుకి 27 డాలర్లు అని చదివాను, అంటే మొత్తం 162 డాలర్లు, రోజుకి డాలరూ పాతిక సెంట్లు కూడా పడదు. ఇది 7 వేల ముడులు వేసే మనిషికి. మూడు నెలల ట్రైనింగ్‌తో వచ్చిన పిల్లకి అందులో సగం వస్తే గొప్ప. మీ డబ్బుతో ఇంకో పది మందిని ఆ డాలరు కూలిలోకి దింపుతారన్నమాట, అదీ చాలామంది అదే పని వెతుక్కుంటున్న టైంలో. మనుషులు ఎక్కువైతే కూలి ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు.


చాయ్_బిస్కెట్:

పంతులు గారు గట్టిగానే వేసుకున్నారు 😅 మరి షాపులో అదే కార్పెట్ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి కదా, మధ్యలో ఆ డబ్బంతా ఎవడు తింటున్నట్టు?


లెక్కల_పంతులు:

అందరూ కొంచెం కొంచెం తింటారు బ్రో, ఒక్కడే విలన్ ఉంటే సులువుగా ఉండేది. మగ్గం మీంచి కోసిన కార్పెట్ చూస్తే మీరు కొనరు, నూగు ఎగుడుదిగుడుగా దుమ్ముపట్టి మాసిపోయి ఉంటుంది. దాన్ని కడగాలి, వెనకవైపు లేచిన పోగులు మంటతో కాల్చాలి, పైన నూగు సమంగా కత్తిరించాలి, వంకర పోయిన అంచుల్ని సాగదీసి బిగించాలి, అప్పుడు గానీ రంగు, మెరుపు బయటికి రావు. కడుగుడు, కత్తిరింపు అని వ్యాపారులు ఒక్క ముక్కలో అనేస్తారు గానీ అదొక పెద్ద పరిశ్రమ, అదేమో ఏళ్ళ తరబడి పాకిస్తాన్‌లో ఉండిపోయింది.

ఎందుకంటే 1979లో సోవియట్ సైన్యం వచ్చాక లక్షల మంది పాకిస్తాన్ పారిపోయారు, నేతగాళ్ళు, రంగులద్దేవాళ్ళు, వ్యాపారులు అందరూ. పెషావర్, అటక్, లాహోర్ చుట్టూ అఫ్గాన్ కార్పెట్ల వ్యాపారం అక్కడే వేళ్ళూనుకుంది. తర్వాత కొందరు తిరిగొచ్చినా కడుగుడు, షిప్పింగు, కొనేవాళ్ళ పరిచయాలు అన్నీ అక్కడే. అందుకే అఫ్గాన్ ఊళ్ళో నేసిన కార్పెట్ తోర్ఖమ్ బోర్డర్ దాటి, కడిగించుకుని, పాకిస్తాన్‌లో తయారైంది అనే లేబులుతో బయటి దేశాలకి పోవడం మామూలు విషయం. ఆ లేబులు చూసి మోసం అని అరవక్కర్లేదు గానీ డబ్బుతో పాటు పేరు కూడా బోర్డర్ దగ్గరే దిగిపోయింది. పైగా ఆ బోర్డర్ ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో దేవుడికే తెలియాలి. 2023 చివరి నుంచి పాకిస్తాన్ అఫ్గాన్లని వెనక్కి పంపించడం మొదలెట్టింది కదా, వాళ్ళలో నేతగాళ్ళూ ఉన్నారు, చేతిలో విద్య ఉంది, మగ్గం వదిలేసి వచ్చారు, వ్యాపారి పరిచయం అక్కడే తెగిపోయింది. ఎవరికైనా మగ్గం కొనిచ్చే లెక్కుంటే అది వీళ్ళకే, ఒప్పుకుంటా.


పాత_తివాచీ:

నాది చేనేత కార్పెట్ల వ్యాపారం, చిన్నదే. కొనేవాడి వైపు నుంచి రెండు మాటలు చెప్తాను, పంతులు గారు అమ్మేవైపు చెప్పేశారు కాబట్టి.

సుజాత గారూ, అఫ్గాన్ కార్పెట్ అనగానే అందరి కళ్ళ ముందుకొచ్చేది ముదురు ఎరుపు, దాని మీద ఎనిమిది మూలల పూలు, వాటిని గుల్ అంటారు, పెద్దవైతే ఏనుగు పాదం అని కూడా అంటారు. ఖాల్ మొహమ్మదీ రకం అంటే అదే. అద్భుతమైన నేత, ఎన్నేళ్ళు తొక్కినా చెక్కుచెదరదు. ఇబ్బందేంటంటే ఇప్పుడు ఇళ్ళన్నీ తెల్లగోడలు, బూడిదరంగు సోఫాలు, ఆ ఎరుపు చూసి జనం వెనక్కి తగ్గుతారు. వాళ్ళు అడిగేది చోబీ రకం, చెట్ల రంగులతో అద్దిన లేత రంగులు, మెత్తని పూల తీగలు. చోబీని మార్కెట్‌లోకి తెచ్చింది కూడా పాకిస్తాన్‌లో ఉన్న అఫ్గాన్ శరణార్థులే, అవసరం పడితే ఎంత త్వరగా మారగలరో దాన్ని బట్టి చూడండి.

కానీ ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు ఏ రంగు నడుస్తోందో? 2021 దాకా కొందరు ఆడవాళ్ళు సొంతంగా కంపెనీలు పెట్టుకుని జర్మనీలో హనోవర్‌లో జరిగే డొమోటెక్స్ లాంటి ఫెయిర్లకి వెళ్ళి కొనేవాళ్ళతో నేరుగా మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు 72 కిలోమీటర్లు దాటి ప్రయాణం చెయ్యాలంటే పక్కన మగ బంధువు ఉండాలి, ఇంక విదేశం ఏం వెళ్తారు. ఆమెకీ నాకూ మధ్య మళ్ళీ ఇద్దరు ముగ్గురు మగాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో కమిషను.

అందుకని నా సలహా ఏంటంటే దానం చెయ్యకండి, ఆర్డర్ ఇవ్వండి. సైజు, రంగులు, డిజైను ముందే మాట్లాడుకుని, సగం డబ్బు ముందే ఇచ్చి, నేతకి ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు ఆగి, మిగతా సగం చేతికి వచ్చాక ఇవ్వండి. ఆ ముందు ఇచ్చే సగంతోనే ఆమె ఉన్ని ఆమె కొనుక్కుంటుంది, అప్పుడు వ్యాపారి దగ్గర చెయ్యి చాపక్కర్లేదు. మంచి ఉన్ని కావాలంటే గజ్నీ ఉన్ని అడగండి, చేత్తో వడికింది అయితే ఇంకా మంచిది. రంగులు మంజిష్ఠ జాతి వేరు, దానిమ్మ తొక్క, అక్రోట్ కాయ పైతొక్క, నీలిమందు వీటితో వస్తాయి. ఒకే ఎరుపులో ఒకచోట ముదురు ఒకచోట లేత చార కనిపిస్తే డ్యామేజీ అని వెనక్కి పంపేయకండి బాబోయ్, దాన్ని అబ్రష్ అంటారు, ఒక కుండలో అద్దిన దారం అయిపోయి రెండో కుండ దారం మొదలైందని అర్థం. నా కస్టమర్లకి ఇది చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది.

సంబంధం లేని మాట ఒకటి. యుద్ధం కార్పెట్లు అని ఉంటాయి, సోవియట్ యుద్ధం అప్పుడు మొదలైనవి, పువ్వుల బదులు ట్యాంకులు, హెలికాప్టర్లు, కలాష్నికోవ్‌లు నేశారు. కలెక్టర్లు ఎగబడి కొంటారు. నేను మాత్రం అమ్మను, ఎందుకో చెప్పమంటే చెప్పలేను.


నీలవేణి_డి:

అందరూ ధర, రంగు, లేబులు మాట్లాడుతున్నారు, సుజాత అక్క అడిగిన చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను, కొంచెం చేదుగా ఉంటుంది.

నేను నర్సుని, శరణార్థుల క్యాంపుల్లో పని చేశాను. ఏళ్ళ తరబడి నేసినవాళ్ళని చూస్తే తెలుస్తుంది, వంగి వంగి నడుం పోయి ఉంటుంది, కళ్ళు మసకలు, ఉన్ని నలుసులు పీల్చి పీల్చి దగ్గు, వేళ్ళ కీళ్ళు ఉబ్బిపోయి ఉంటాయి. ఉత్తర అఫ్గానిస్తాన్ నేత ఊళ్ళల్లో తల్లి పని ఆగకుండా ఉండాలని పసిపిల్లకి ఇంత నల్లమందు పెట్టి పడుకోబెట్టడం ఉంది. ఆ తల్లి రాక్షసి కాదు, మందు దొరకదు, డాక్టరు ఉండడు, పిల్ల ఏడిస్తే ముడులు పడవు, ముడులు పడకపోతే రొట్టె లేదు. పైన పంతులు గారు చెప్పిన 7 వేల ముడుల రోజు అంటే ఇలా ఉంటుంది. ఇంకో సంగతి, తుర్క్‌మెన్‌లలో నేత బాగా వచ్చిన అమ్మాయికి ఓలి ఎక్కువ, అంటే విద్య ఆమెది, దాని రేటు మాత్రం తండ్రి జేబులోకి.

కాబట్టి కార్పెట్ కొన్నంత మాత్రాన ఆడదాని చేతికి డబ్బు వచ్చినట్టు కాదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే, డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నారు, బదులుగా ఏం అడుగుతున్నారు. బామియాన్ వైపు ఆర్జూ అని ఒక సంస్థ పని చేసింది, 2004లో కోనీ డక్‌వర్త్ అనే అమెరికన్ ఆవిడ మొదలుపెట్టారు, అంతకుముందు ఆవిడ గోల్డ్‌మన్ సాక్స్ బ్యాంకులో పెద్ద పొజిషన్‌లో ఉండేవారు, ఆర్జూ అంటే అక్కడి దరీ భాషలో కోరిక, ఆశ అని. వాళ్ళు కుటుంబంతో ఒప్పందం రాయించుకునేవాళ్ళు, 15 ఏళ్ళ లోపు పిల్లలు ఆడైనా మగైనా బడికి పోవాలి, ఇంట్లో ఆడవాళ్ళు అక్షరాల క్లాసుకి రావాలి, నేత నాణ్యంగా ఉంటే మార్కెట్ కూలి మీద సగం బోనస్. మగాడు ఎందుకు ఒప్పుకున్నాడంటే ఆ బోనస్ కోసం. నాకు చాలా నచ్చిన పద్ధతి అది, డబ్బుతో ఇంట్లో రూలు మార్పించారు.

ఇప్పుడు ఆ ఒప్పందం మక్కీకి మక్కీ రాయలేం, ఆరో క్లాసు దాటిన ఆడపిల్లని పంపడానికి బడే లేదు కాబట్టి. కానీ చిన్నపిల్లలు మగ్గం మీద ఉండకూడదు అనేది రాయొచ్చు, రోజుకి ఇన్ని గంటలే అనేది రాయొచ్చు, వెలుతురు, కూర్చునే బల్ల ఇలాంటివి ఖర్చులో పెట్టొచ్చు. పిల్లల చేత పని చేయించలేదని తేల్చే లేబులు గుడ్‌వీవ్ ఉంది, మన కైలాష్ సత్యార్థి గారు 1994లో రగ్‌మార్క్ పేరుతో మొదలుపెట్టిందే, తర్వాత పేరు మారింది, చెప్పాపెట్టకుండా మగ్గాల దగ్గరికి వెళ్ళి చెక్ చెయ్యడం వాళ్ళ పద్ధతి. మీరు ఎవరి ద్వారా కొన్నా, ఎవరు వెళ్ళి చూస్తారు, ఎన్నిసార్లు చూస్తారు అని అడగండి. నీళ్ళు నమిలితే డబ్బు ఇవ్వకండి.


పాత_తివాచీ:

నీలవేణి గారు చెప్పింది నిజమే, కాదనను. కానీ అమ్మా, అన్ని షరతులూ కుదిరేదాకా కొనకుండా కూర్చుంటే ఆ ఇంట్లో ఈ నెల పొయ్యి ఎలా వెలుగుతుంది? మా దగ్గర కొనే కొందరు ఇలాగే, పది ప్రశ్నలు అడిగి, మనసొప్పక, చివరికి మెషీన్ కార్పెట్ కొనుక్కుని పోతారు. అది నేసినవాడి గురించి మాత్రం ఒక్క ప్రశ్న అడగరు.


నీలవేణి_డి:

కొనద్దని నేనెక్కడ అన్నాను సార్. అడిగి కొనమన్నాను. మీ కస్టమర్లు మెషీన్ కార్పెట్ కొంటే నన్ను అంటారేంటి 🙂


లెక్కల_పంతులు:

ఇద్దరూ కరెక్టే, పాయింటుకి వద్దాం. డబ్బు పంపడం గురించి ఎవరూ చెప్పలేదు. అమెరికా ఆంక్షల భయంతో 2021 తర్వాత బ్యాంకులు అఫ్గానిస్తాన్ అనే మాట కనపడితేనే ట్రాన్స్‌ఫర్ ఆపేసేవి. 2022 ఫిబ్రవరిలో అమెరికా ట్రెజరీ జనరల్ లైసెన్స్ 20 అని ఇచ్చి మామూలు వ్యాపార లావాదేవీలకి దారి తెరిచింది, అయినా చాలా బ్యాంకులు ఇప్పటికీ జంకుతాయి. పేపాల్ అక్కడ లేదు. అక్కడివాళ్ళు వాడేది హవాలా, దాని జోలికి మాత్రం మీరు వెళ్ళకండి, మీ దేశంలో మీ మెడకి చుట్టుకుంటుంది. రిజిస్టర్ అయిన సంస్థ ద్వారా వెళ్ళడం ఒక్కటే దారి. పాతవాటిలో టర్కోయిజ్ మౌంటెన్ ఉంది, 2006లో కాబూల్ మురాద్ ఖానీ పాత బస్తీలో మొదలైంది, కార్పెట్ల మీద కూడా పని చేసింది. వాళ్ళకే ఇమ్మని కాదు, అలా ఊళ్ళో ఏళ్ళుగా పాతుకుపోయినవాళ్ళని వెతకమని.

ఇంకోటి, 2022 డిసెంబర్‌లో స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళ ఉద్యోగాలు నిషేధించారు. నీలవేణి గారు అన్న చెకింగ్‌కి ఇదే పెద్ద గండి. నేతగత్తె ఇంట్లోకి పరాయి మగాడు అడుగు పెట్టలేడు, ఆడ ఉద్యోగి వెళ్ళకూడదు, మరి లోపల ఎంతమంది పిల్లలు మగ్గం మీద ఉన్నారో ఎవరు చూస్తారు? మా రోజుల్లో ఆ పని చేసిన అమ్మాయిలు ఇద్దరు ఉండేవారు, నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ముడులు లెక్కపెట్టి, కూలి డబ్బు నేసినామె చేతిలోనే పెట్టి, వేలిముద్ర వేయించుకుని వచ్చేవాళ్ళు. మామగారు గుమ్మంలో చెయ్యి చాచి నిలబడితే, మీరు నేశారా బాబాయ్ అని నవ్వుతూ అడిగి లోపలికి పోయేవాళ్ళట. అలాంటి మనుషులు ఇప్పటికీ ఏదో ఒక రూపంలో, నేతగత్తెలుగానో చుట్టాలుగానో, పని చేస్తున్న చోటు దొరికితే అక్కడ పెట్టండి మీ డబ్బు.


సుజాత_కె:

అమ్మో, రెండు రోజులు రాకపోతే ఇంత నడిచిందా. అందరికీ చాలా థాంక్స్, పంతులు గారి లెక్క మా గ్రూపులో పెడితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నిన్న రాత్రి కాల్ పెట్టుకున్నాం. మగ్గాలు, ట్రైనింగ్ ఐడియా తీసేశాం. పోగైన డబ్బుతో ముందు రెండు కార్పెట్లు ఆర్డర్ ఇద్దాం అనుకుంటున్నాం, 2 బై 3వి, పాత_తివాచీ గారు చెప్పినట్టు సగం ముందే ఇచ్చి. ఇద్దరు సంస్థలవాళ్ళకి మెయిల్ పెట్టాం, నీలవేణి ప్రశ్నలన్నీ అందులో రాశాం, ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు, డబ్బు ఎవరి చేతికి, మగ్గం దగ్గర పిల్లలు ఉంటారా. ఒకళ్ళు వెంటనే రంగురంగుల బ్రోషర్ పంపారు, ప్రశ్నలకి మాత్రం జవాబు లేదు. రెండోవాళ్ళు నాలుగు లైన్లే రాశారు, తనిఖీ గురించి గ్యారంటీ ఇవ్వలేమని, తమ దగ్గర నేసేవాళ్ళల్లోనే ఒక పెద్దావిడ మిగతా ఇళ్ళకి వెళ్ళి చూసి వస్తుందని, కూలి కూడా ఆమే పంచుతుందని. మావాళ్ళల్లో ముగ్గురు ఈ రెండోవాళ్ళు ఏదో దాస్తున్నారు అంటున్నారు, నాకేమో వాళ్ళే నిజం చెప్పారనిపించింది.

ఇంకా తేలనిది ఒకటుంది, వచ్చిన కార్పెట్లు ఏం చెయ్యాలని. అమ్మి ఆ డబ్బు మళ్ళీ ఆర్డర్‌లో తిప్పుదాం అని నేను, లాటరీ వేసి మనలోనే ఎవరో ఒకరు ఉంచుకుందాం అని మిగతావాళ్ళు. పాత_తివాచీ గారూ, అమ్మే పక్షంలో మాలాంటి అనుభవం లేనివాళ్ళకి రంగు ఏది సేఫ్, ఆ ముదురు ఎరుపేనా, లేక చోబీకే పోవాలా?


పాత_తివాచీ:

అమ్మడానికైతే చోబీ. కానీ ఆర్డర్ ఇచ్చే ముందు ఆ పెద్దావిడని అడగండి, వాళ్ళ చేతికి ఏ డిజైను అలవాటో. ఎరుపు గుల్ నేసే చేతికి లేత పూలతీగ ఇస్తే మొదటి కార్పెట్ మెల్లగా నడుస్తుంది, తప్పులు పడతాయి, ఆ ఆలస్యానికి కూలి మీరు కలిపి ఇవ్వాలి. ఒకటి ఎరుపు, ఒకటి చోబీ చెప్పండి. ఎరుపుది అమ్ముడుపోకపోతే నాకు ఫోటో పంపండి, చూద్దాం.